బూమ్ ఎందుకు నెమ్మదించింది? అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో భారీ యంత్రాల మెయింటెనెన్స్ చదువు

ఇరవై టన్నుల పొక్లెయిన్ మట్టి తవ్వుతుండగా బూమ్ (యంత్రానికి ముందుండే పెద్ద చెయ్యి) లేవడం నెమ్మదించింది. ఇంజన్ శబ్దంలో తేడా లేదు, పొగ లేదు, ఎక్కడా ఆయిల్ కారడం లేదు. హైడ్రాలిక్ పంపు, అంటే ఆయిల్‌ను ఒత్తిడితో తోసి యంత్రాన్ని కదిలించే పంపు, అరిగిపోయి ఉండొచ్చు. ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకోవాల్సిన రిలీఫ్ వాల్వు ముందే తెరుచుకుంటూ ఉండొచ్చు. సిలిండర్ లోపల సీలు పోయి ఉండొచ్చు. జాయ్‌స్టిక్ నుంచి కంట్రోల్ వాల్వుకు వెళ్లి దాన్ని కదిలించే తక్కువ ఒత్తిడి, అంటే పైలట్ ప్రెషర్, తగ్గి ఉండొచ్చు. ఏదో సెన్సరు తప్పు రీడింగ్ ఇస్తుంటే, కంప్యూటరే పంపును వెనక్కి లాగి పట్టుకుని ఉండొచ్చు. పంపు మార్చి చూద్దాం అనుకునే మెకానిక్ యజమాని చేత లక్షలు ఖర్చు పెట్టిస్తాడు, ఆ తర్వాత కూడా బూమ్ అలాగే లేవచ్చు. గేజీ బిగించి ఒక్కో అనుమానాన్నీ వరసగా కొట్టేసుకుంటూ పోయే మెకానిక్ గంటలోపు అసలు కారణం దగ్గరికి వస్తాడు.

ఈ రెండో రకం మెకానిక్‌ను తయారుచేయడానికే అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో హెవీ ఈక్విప్‌మెంట్ కోర్సులు ఉన్నాయి. రెంచ్ తిప్పడం షెడ్డులో కూడా వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో హెల్పర్‌గా చేరి పదేళ్లలో గొప్ప మెకానిక్ అయినవాళ్లకు కొదవ లేదు. అయితే ఈ పదిహేనేళ్లలో యంత్రం లోపల వచ్చిన మార్పు చూసి, విని, తాకి పట్టుకునేది కాదు. అందుకే ఈ చదువును మన కుటుంబాలు "మెకానిక్ పని" అని పక్కన పెట్టేయడం నాకు బాధ కలిగిస్తుంది. చేరాలనుకునేవాళ్లకు మాత్రం ముందు ఒక చిక్కుముడి విప్పాలి. ఒకే రకం పేరుతో నాలుగు వేర్వేరు చదువులు ఉన్నాయి. ఎవరి డబ్బుతో చదువుతాం, ఎవరి యంత్రాల మీద నేర్చుకుంటాం, చివర్లో ఎవరి దగ్గర చేరతాం అన్నవి ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటాయి.

ఒకే పేరు, నాలుగు దారులు

కమ్యూనిటీ కాలేజీ అంటే స్థానిక పన్నుల డబ్బుతో, రాష్ట్ర నిధులతో నడిచే రెండేళ్ల కాలేజీ. ఇల్లినాయ్‌లో 1901లో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీని వీటిలో మొదటిదిగా చెబుతారు. కాలేజీ ఉన్న జిల్లాలోనే ఉండేవాళ్లకు ట్యూషన్ ఫీజు దేశం మొత్తం మీద సగటున ఏడాదికి 4,000 డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. ప్రవేశ పరీక్షల పోటీ దాదాపు ఉండదు.

మొదటి దారి సర్టిఫికెట్. కొన్ని నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది, దాదాపు అంతా వర్క్‌షాప్ పనే. రెండోది అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్ అనే రెండేళ్ల డిగ్రీ. ఇందులో వర్క్‌షాప్‌తోపాటు లెక్కలు, రాతలో ప్రావీణ్యం, కొంచెం ఫిజిక్స్ కూడా ఉంటాయి. మూడోది డీలర్ స్పాన్సర్ చేసే డిగ్రీ. నాలుగోది గని కంపెనీలు కాలేజీతో కలిసి నడిపేది. నెవాడాలో బంగారు గనుల మధ్య ఉన్న ఎల్కో పట్టణంలోని గ్రేట్ బేసిన్ కాలేజీ ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ గని కంపెనీలే విద్యార్థులకు స్కాలర్‌షిప్ ఇచ్చి, తమ దగ్గరే పని నేర్పిస్తాయి.

అసలు తికమక మొదటి రెండింటిలోనే మొదలవుతుంది. చాలా కాలేజీలు "డీజిల్ టెక్నాలజీ" అన్న ఒకే పేరు కింద లారీలనూ, భారీ యంత్రాలనూ కలిపి చెబుతాయి. లోపలికి వెళ్లి చూస్తే వర్క్‌షాప్ నిండా లారీ ఇంజన్లు, ఎయిర్ బ్రేకులు, క్లచ్‌లే కనిపించవచ్చు. లారీ మెకానిక్ అవ్వాలంటే అది చాలు. డోజర్, డంపర్, లోడర్ బాగుచేయాలంటే హైడ్రాలిక్స్‌కు కేటాయించిన గంటలు ఎన్నో చూడాలి. లారీలో హైడ్రాలిక్స్ చిన్న భాగమైతే, పొక్లెయిన్‌లో ఇంజన్ ఇచ్చే శక్తి దాదాపు అంతా హైడ్రాలిక్స్ గుండానే పోతుంది. ఈ తేడా తెలుసుకోవడానికి ఒక ఆధారం ఉంది. యంత్రాల డీలర్ల సంఘానికి చెందిన ఏఈడీ ఫౌండేషన్ కాలేజీ కోర్సులకు గుర్తింపు ఇస్తుంది. భద్రత, ఎలక్ట్రికల్, హైడ్రాలిక్స్, పవర్ ట్రెయిన్ (ఇంజన్ శక్తిని చక్రాలకూ ట్రాకులకూ చేర్చే భాగాలు), డీజిల్ ఇంజన్, ఎయిర్ కండిషనింగ్ అనే ఆరు విభాగాల్లో ఏం నేర్పాలో దాని ప్రమాణాలు చెబుతాయి. ఆ గుర్తింపు లేనంత మాత్రాన కాలేజీ పనికిరానిదని కాదు. ఉంటే మాత్రం భారీ యంత్రాల పాఠాలు నామమాత్రంగా ఉండవని నమ్మకం పెట్టుకోవచ్చు.

డీలర్ వేలు పట్టుకుని

క్యాటర్‌పిల్లర్, జాన్ డీర్ లాంటి కంపెనీలు యంత్రాన్ని తయారుచేస్తాయి. అమ్మేదీ, వారంటీలో బాగుచేసేదీ వేరే యాజమాన్యంలో ఉండే డీలర్లు. మెకానిక్‌ల కొరత నేరుగా తగిలేది ఆ డీలర్‌కే. అందుకే క్యాటర్‌పిల్లర్ "థింక్ బిగ్" పేరుతో, జాన్ డీర్ "టెక్" పేరుతో కొన్ని కాలేజీల్లో తమ కోర్సులు పెట్టించాయి. క్యాటర్‌పిల్లర్ దశాబ్దాలపాటు ప్రధాన కార్యాలయం నడిపిన పియోరియా పక్కనే, ఈస్ట్ పియోరియాలో, ఇల్లినాయ్ సెంట్రల్ కాలేజీలో థింక్ బిగ్ ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని వాలా వాలా కమ్యూనిటీ కాలేజీలో జాన్ డీర్ కోర్సు నడుస్తుంది.

ఇందులో చేరడం మామూలు అడ్మిషన్ లాంటిది కాదు. కాలేజీ సీటు ఇస్తే సరిపోదు, ఒక డీలర్ మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసి స్పాన్సర్ చేయడానికి ఒప్పుకోవాలి. ఆ తర్వాత రెండేళ్లపాటు కొన్ని వారాలు తరగతి, కొన్ని వారాలు డీలర్ షాపులో జీతంతో పని. థింక్ బిగ్‌లో ఈ విడతలు సాధారణంగా ఎనిమిదేసి వారాలుంటాయి. పోయిన విడత తరగతిలో చదివిన ట్రాన్స్‌మిషన్‌ను ఈ విడత షాపులో విప్పుతారు. నా దృష్టిలో ఈ కోర్సుల అసలు బలం ఇదే. చదివిందీ చేసిందీ ఒకదానికొకటి దూరం కావు.

దీనికి తోడు సాఫ్ట్‌వేర్ ఉంది. క్యాటర్‌పిల్లర్ యంత్రాన్ని పూర్తిగా పరీక్షించాలంటే "క్యాట్ ఈటీ" కావాలి, జాన్ డీర్‌కు "సర్వీస్ అడ్వైజర్" కావాలి. కొన్ని సెట్టింగులు, కొన్ని కాలిబ్రేషన్లు డీలర్ చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్‌తో తప్ప కుదరవు. రైతులు ఎన్నాళ్లుగానో చేస్తున్న ఫిర్యాదు ఇదే. ట్రాక్టర్ మాది, బాగుచేసుకునే తాళంచెవి మాత్రం డీలర్ దగ్గర. కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కు మీద 2023లో చట్టం చేసింది. 2025 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వ్యాపార పోటీని చూసే కేంద్ర సంస్థ), ఇల్లినాయ్, మిన్నెసోటా రాష్ట్రాలు కలిసి ఇదే విషయమై జాన్ డీర్ మీద కోర్టుకు వెళ్లాయి. విద్యార్థికి దీంతో పనేముందంటే, డీలర్ స్పాన్సర్ చేసిన కోర్సులో ఆ సాఫ్ట్‌వేర్ మొదటి ఏడాదే చేతికొస్తుంది, మామూలు డిగ్రీలో రాకపోవచ్చు. అదే సమయంలో మీ చదువు ఒక బ్రాండ్ చుట్టూ అల్లుకుంటుంది. హైడ్రాలిక్స్ సూత్రాలు ఏ కంపెనీకైనా ఒకటే కాబట్టి తర్వాత మారడం అసాధ్యమేమీ కాదు, కానీ మారిన మొదటి ఏడాది కొంచెం వెనకబడతారు.

కాగితాలు చదవాల్సిన చోటు కూడా ఇక్కడే. ట్యూషన్‌లో కొంత, పనిముట్లలో కొంత డీలర్ భరిస్తే, బదులుగా చదువయ్యాక కొన్నేళ్లు తన దగ్గరే చేయాలని అడగవచ్చు. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలి, డీలరే వద్దంటే ఏమిటి, వేరే ఊరి బ్రాంచికి పంపే హక్కు ఉందా? ఒక్కో డీలర్ ఒప్పందం ఒక్కోలా ఉంటుంది. సంతకం పెట్టేది పద్దెనిమిదేళ్ల పిల్లాడో పిల్లో కాబట్టి, పెద్దవాళ్లు పక్కన కూర్చుని ప్రతి పేజీ చదవాలి.

తరగతిలో నిజంగా జరిగేది

ముందు భద్రత. అది లాంఛనంగా చెప్పే పాఠం కాదు. హైడ్రాలిక్ గొట్టానికి సూదిమొనంత చిల్లు పడితే అందులోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల కండరం కుళ్లిపోతుంది, గంటల్లో ఆపరేషన్ జరగకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. అందుకే లీకు వెతకడానికి చెయ్యి పెట్టకూడదు, అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి అని మొదటి వారమే నేర్పుతారు. ఇంజన్ ఆపినా, ఒత్తిడిని దాచి ఉంచే అక్యుమ్యులేటర్‌లో ప్రెషర్ నిలిచే ఉంటుంది. ఎత్తిన బూమ్ కిందికి, లాకు వేయకుండా, దిమ్మలు పెట్టకుండా ఎవరూ వెళ్లకూడదు. మన దగ్గర షెడ్లలో ఇదంతా ఎవరికో దెబ్బ తగిలాక తెలిసే విషయం. ఈ ఒక్క పాఠాన్నయినా తెలుగులో రాసి ప్రతి షెడ్డు గోడకూ అంటించాలని నా కోరిక.

తర్వాత హైడ్రాలిక్స్. పాస్కల్ సూత్రం ఇంటర్మీడియట్‌లో అందరం చదివాం. ఇక్కడ దానికి కొలతలు వస్తాయి. 120 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సిలిండర్‌కు 350 బార్ ప్రెషర్ ఇస్తే సుమారు 40 టన్నుల బలం వస్తుంది. ఈ లెక్క వేయడం వచ్చాక విద్యార్థి మనసులో నాటుకునే నియమం ఒకటుంది. బలాన్నిచ్చేది ప్రెషర్, వేగాన్నిచ్చేది ఫ్లో, అంటే నిమిషానికి పారే ఆయిల్.

మొదట్లో చెప్పిన బూమ్‌ను ఈ నియమంతో చూడండి. ఖాళీ బకెట్‌తో కూడా నెమ్మదిగానే లేస్తోందా? అయితే ఆయిల్ తక్కువగా అందుతోంది, అంటే ఫ్లో సమస్య. ఖాళీగా చురుగ్గా లేచి, బరువు పడగానే చతికిలబడుతోందా? ప్రెషర్ నిలవడం లేదు, రిలీఫ్ వాల్వునో లోపలి లీకునో అనుమానించాలి. బూమ్ ఒక్కటే ఇలా ఉందా, ఆర్మ్, బకెట్, ట్రాక్ అన్నీ నెమ్మదించాయా? అన్నీ అయితే అందరికీ ఉమ్మడిగా ఉన్న పంపు, పైలట్ లైన్ వైపు నడవాలి. బూమ్ ఒక్కటే అయితే దాని స్పూల్ (కంట్రోల్ వాల్వులో జారే కడ్డీ), దాని సిలిండర్ దగ్గరే ఆగాలి. ఎత్తి వదిలేస్తే మెల్లగా కిందికి జారుతోందా? అయితే లోపల ఎక్కడో లీకు ఉంది. ఒక్క బోల్టు విప్పకుండా, సీట్లో కూర్చుని లివర్లు కదిలించి, అనుమానితుల్లో సగం మందిని వదిలేయవచ్చు. ఆ తర్వాతే ప్రెషర్ గేజీ, ఆ తర్వాత ఫ్లో మీటర్, అన్నింటికన్నా చివర స్పానర్. మంచి కాలేజీలో అధ్యాపకులు యంత్రంలో కావాలని లోపం పెట్టి, కనిపెట్టమంటారు. భాగం మార్చి చూస్తామంటే ఒప్పుకోరు, ఏ కొలత వల్ల ఆ నిర్ణయానికి వచ్చారో కాగితం మీద రాసి చూపించాలి.

శుభ్రత కూడా ఇందులో భాగమే. మామూలు కంటికి 40 మైక్రాన్లకన్నా చిన్న కణం కనపడదు. పంపు లోపల కదిలే భాగాల మధ్య ఖాళీ అంతకన్నా చాలా తక్కువ, కొన్ని మైక్రాన్లే. అంటే పంపును పాడుచేసే దుమ్ము కంటికి కనపడేది కాదు. గొట్టం విప్పగానే రెండు కొసలకూ మూత పెట్టడం, ఆయిల్ శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపడం అలవాటు చేస్తారు. రిపోర్టులో సిలికాన్ పెరిగితే బయటి మట్టి లోపలికి వస్తోంది. రాగి పెరిగితే బేరింగులు గానీ బుష్‌లు గానీ అరుగుతున్నాయి. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ కలుస్తుండొచ్చు.

విద్యార్థులను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మాత్రం ఎలక్ట్రికల్. ఇప్పటి యంత్రంలో ఇంజన్ కంప్యూటర్, ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్, డిస్‌ప్లే, అన్నీ రెండు మెలితిప్పిన తీగల మీద మాట్లాడుకుంటాయి. దాని ప్రమాణం పేరు జె1939. ఆ జతకు రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ ఆపి మధ్యలో మీటర్ పెడితే, రెండూ సమాంతరంగా ఉన్నాయి కాబట్టి 60 ఓమ్‌లు చూపించాలి. 120 చూపిస్తే ఒక రెసిస్టర్ లేదు లేదా తీగ ఎక్కడో తెగింది. సున్నాకు దగ్గరగా ఉంటే రెండు తీగలూ ఎక్కడో తగులుకున్నాయి. డిస్‌ప్లే మీద ఇరవై ఫాల్ట్ కోడ్లు వెలిగినా, కారణం ఈ ఒక్క కొలతలో దొరికిపోవచ్చు.

ఇంకో మెళకువ వోల్టేజ్ డ్రాప్ పరీక్ష. స్టార్టర్‌కు వెళ్లే లావు కేబుల్లో నూటికి తొంభై తంతులు తెగిపోయి కొన్నే మిగిలాయనుకోండి. ఓమ్ మీటర్‌కు అది మంచి కేబులే. స్టార్టర్ తిప్పినప్పుడు మాత్రం ఆ కొన్ని తంతులు వందల ఆంపియర్లు మోయలేవు. లోడు ఉన్నప్పుడు కేబుల్ రెండు కొసల మధ్య ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలిస్తేనే బండారం బయటపడుతుంది. కోడ్‌లో సెన్సర్ పేరు కనపడగానే సెన్సర్ మార్చేయడం ఈ రంగంలో అందరికీ ఉన్న దురలవాటు. కోడ్ చెప్పేది ఆ సర్క్యూట్‌లో తేడా ఉందని మాత్రమే. సెన్సరా, తీగా, కనెక్టర్‌లో చేరిన తుప్పా అన్నది మనిషే తేల్చాలి.

ఇంజన్ పాఠంలో పిస్టన్లు, వాల్వుల కన్నా ఇప్పుడు పొగ శుద్ధికే ఎక్కువ సమయం పోతోంది. అమెరికాలో యంత్రాల పొగ మీద టియర్ 4 ఫైనల్ నిబంధనలు వచ్చాక సైలెన్సర్ ఉండే చోట మసి పట్టే ఫిల్టర్, యూరియా చల్లే వ్యవస్థ వచ్చాయి. 32.5 శాతం యూరియా కలిసిన ద్రవం కల్తీ అయినా, ఫిల్టర్ మూసుకుపోయినా కంప్యూటర్ ఇంజన్ శక్తిని తగ్గించేస్తుంది. ఇది మన దేశానికి దూరపు సంగతేం కాదు. చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు 2025 జనవరి నుంచి మన దగ్గర కూడా సీఈవీ స్టేజ్ 5 అనే పొగ ప్రమాణాలు వచ్చాయి. జేసీబీలు బాగుచేసే మన ఊళ్ల మెకానిక్‌లు ఇదే సమస్యను చదువు లేకుండా ఎదుర్కొంటున్నారు. ఐటీఐలో ఏడాది మెకానిక్ డీజిల్ ట్రేడ్ చదివిన కుర్రాడికి ఇదంతా ఎంతవరకు అందుతోందో ఆలోచించాల్సిన విషయం.

పవర్ ట్రెయిన్, ట్రాకులు, ఏసీ పాఠాలు వీటితో పోలిస్తే సూటిగా ఉంటాయి. విప్పి, కొలిచి, అరుగుదల పట్టిక చూసి, బిగిస్తారు. రాతపని మాత్రం మరిచిపోకూడదు. ఫిర్యాదు ఏమిటి, కారణం ఏమిటి, ఏం చేశాం అన్న మూడు ముక్కలూ స్పష్టంగా రాయకపోతే తయారీ కంపెనీ వారంటీ డబ్బు ఇవ్వదు. డిగ్రీలో ఇంగ్లిష్ పాఠం ఎందుకని విసుక్కునే విద్యార్థికి షాపులో చేరిన మొదటి నెలలోనే దాని అవసరం తెలుస్తుంది.

డబ్బు, ఒళ్లు

అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, కుటుంబ ఆదాయాన్ని బట్టి, ఫెడరల్ పెల్ గ్రాంటు దొరుకుతుంది. 2025–26లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. తిరిగి కట్టక్కర్లేదు. చాలా కమ్యూనిటీ కాలేజీల ట్యూషన్ కన్నా ఇది ఎక్కువ. అసలు ఖర్చు పనిముట్ల దగ్గర వస్తుంది. అమెరికాలో సాధారణంగా మెకానిక్ తన పనిముట్లు తనే కొనుక్కోవాలి, మొదటి పెట్టెకే వేల డాలర్లవుతుంది. విద్యార్థులకు పనిముట్ల కంపెనీలు ఇచ్చే డిస్కౌంట్ చదువు పూర్తయ్యాక ఉండదు కాబట్టి ముఖ్యమైనవి చదువుతుండగానే కొనుక్కోవడం తెలివైన పని.

జీతం విషయానికొస్తే, ఈ వృత్తిలో మధ్యస్థ వార్షిక ఆదాయం 60 వేల డాలర్ల ప్రాంతంలో ఉంది. ఓవర్‌టైమ్, క్రేన్ బిగించిన సర్వీస్ ట్రక్కులో సైట్లకు తిరిగే ఫీల్డ్ పని, మారుమూల గనుల పని దాన్ని పెంచుతాయి. దానికి తగ్గ మూల్యం ఒంటి మీద పడుతుంది. గడ్డకట్టే చలిలో బురదలో పడుకుని ఫైనల్ డ్రైవ్ (ట్రాకును తిప్పే గేర్ల పెట్టె) విప్పాలి. నడుము, మోకాళ్లు, చెవులు కాపాడుకోకపోతే నలభై దాటాక కష్టం. ఈ సంగతి దాచి, జీతం అంకె మాత్రమే చెప్పేవాళ్లను నమ్మకండి.

వీసా మీద ఉన్నవాళ్ల సంగతి

ఇక్కడ తెలుగు కుటుంబాలు మోసపోకుండా ఉండటం ముఖ్యం కాబట్టి సూటిగా చెబుతాను. ఇండియా నుంచి ఈ కోర్సు కోసం అప్పు చేసి అమెరికా రావడం నేను సమర్థించను. వృత్తి విద్యకు ఇచ్చే ఎం-1 వీసాలో చదువుతుండగా పని చేయనివ్వరు. చదువయ్యాక నాలుగు నెలల చదువుకు ఒక నెల చొప్పున, గరిష్ఠంగా ఆరు నెలలు ప్రాక్టికల్ ట్రెయినింగ్ ఉంటుంది. దాని నుంచి మామూలు విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కు అమెరికాలో ఉండగా మారడం కుదరదు. అదే కోర్సుకు ఎఫ్-1 ఇచ్చే కాలేజీ దొరికినా, కరిక్యులర్ ట్రెయినింగ్‌కు (చదువులో భాగంగా చేసే పని) సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తవ్వాలి. డీలర్ కోర్సుల్లో జీతం పని మొదటి నెలల్లోనే మొదలవుతుంది కాబట్టి రెండూ పొసగవు. సైన్స్, ఇంజనీరింగ్ లాంటి చదువుల తర్వాత పని చేయడానికి ఇచ్చే అదనపు 24 నెలల స్టెమ్ ఓపీటీకి బ్యాచిలర్ డిగ్రీ లేదా అంతకన్నా పై చదువు ఉండాలి. హెచ్-1బీ ఉద్యోగ వీసా కూడా బ్యాచిలర్ స్థాయి చదువు అవసరమయ్యే ఉద్యోగాలకే. ఎవరైనా కన్సల్టెంట్ ఈ దారిలో గ్రీన్ కార్డు ఖాయం అంటే లేచి వచ్చేయండి.

అమెరికాలోనే పెరిగిన హెచ్-4 పిల్లలది, అంటే హెచ్-1బీ ఉద్యోగుల మీద ఆధారపడిన వీసాలో ఉన్న పిల్లలది, ఇంకో బాధ. వాళ్లు కాలేజీలో చేరవచ్చు, తరగతులకు వెళ్లవచ్చు. ఆ వీసాలో పని అనుమతి కొందరు ఉద్యోగుల భార్యకో భర్తకో మాత్రమే ఉంది, పిల్లలకు లేదు. కాబట్టి జీతంతో కూడిన డీలర్ దారి మూసుకుపోతుంది. ఇరవై ఒకటి నిండితే ఆ హోదా కూడా పోతుంది. వీళ్లకు సర్టిఫికెట్, మామూలు రెండేళ్ల డిగ్రీ మాత్రమే మిగులుతాయి. రాష్ట్రవాసుల ఫీజు ఇస్తారా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

గ్రీన్ కార్డు ఉన్న, లేదా అమెరికాలోనే పుట్టిన పిల్లలకు ఈ అడ్డంకులేవీ లేవు. చేతులతో పని చేయడం ఇష్టమై, కంప్యూటర్ సైన్స్ అంటే మొహం తిప్పుకునే పిల్లలు మన ఇళ్లలో కూడా ఉన్నారు. వాళ్లతో మాట్లాడేటప్పుడు నాలుగేళ్ల కాలేజీలతోపాటు దీన్ని కూడా సమానంగా బల్ల మీద పెట్టమని నా మనవి.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు బ్రోషర్ వదిలేసి వర్క్‌షాప్‌లోకి నడవండి. అక్కడున్న యంత్రాల్లో పొగ శుద్ధి వ్యవస్థ ఉన్నవి ఎన్ని, ఒక్కో యంత్రానికి ఎంతమంది విద్యార్థులు, ఫ్లో మీటర్ విద్యార్థుల చేతికి ఇస్తారా, అద్దాల బీరువాలో ఉంచుతారా అని అడగండి. పోయిన ఏడాది చదువు పూర్తిచేసినవాళ్లు ఏ షాపుల్లో ఉన్నారో, మధ్యలో మానేసినవాళ్లు ఎందుకు మానేశారో అడగండి. డీలర్ స్పాన్సర్ కోర్సు కావాలంటే హైస్కూల్ చివరి ఏడాది మొదట్లోనే కదలాలి. ఎందుకంటే డీలర్ల ఇంటర్వ్యూలు తరగతులు మొదలవడానికి నెలల ముందే అయిపోతాయి, షాపులో ఒక రోజు తిరిగి చూస్తానని అడిగిన పిల్లల పేరు సర్వీస్ మేనేజర్‌కు అప్పటికే గుర్తుంటుంది.